ఒక్క ల్యాప్ టైముతో టైరుకు ర్యాంకు వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ మోటారు పేజీలో వచ్చిన స్పోర్ట్స్ కార్ల ట్రాక్ టైర్ల పోలిక చదివాను. ఆరు టైర్లు, ఒక పట్టిక, ఒక్కో టైరు పక్కన ఒక్కటే ల్యాప్ టైము (ట్రాక్‌ను ఒక చుట్టు తిరగడానికి పట్టిన సమయం), చివరి గడిలో ర్యాంకు. టైర్లలో గాలి ఎంత పెట్టారో లేదు. ఆ టైము ఎన్నవ ల్యాప్‌లో వచ్చిందో లేదు. ట్రాక్ ఎంత వేడిగా ఉందో, ఏ టైరును పొద్దున నడిపారో, దేన్ని మిట్టమధ్యాహ్నం నడిపారో లేదు. ఈ వివరాలు లేనప్పుడు మొదటి ర్యాంకుకూ నాలుగో ర్యాంకుకూ మధ్య ఉన్న సెకను తేడా టైరుదో, ఎండదో, లోపలి గాలిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ ర్యాంకు చూసి టైర్లు కొనేవాళ్లు ఉంటారు కాబట్టి ఉత్తరం కాస్త పొడవైనా రాయక తప్పడం లేదు.

ముందు గ్రిప్, అంటే నేల మీద టైరు పట్టు, అనే మాటను అంకెల్లో పెడతాను. డౌన్‌ఫోర్స్ (ఎదురుగాలి కారును నేలకు నొక్కే బలం) పెద్దగా లేని కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగడానికి, టైరు ఘర్షణ గుణకం 1.0 అయితే 39 మీటర్ల చిల్లర పడుతుంది. 1.1 అయితే 36 మీటర్ల లోపు, 1.2 అయితే 33 మీటర్ల లోపు ఆగుతుంది. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును 1.0 గుణకంతో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తిరగగలిగితే, 1.1తో 84కు కాస్త తక్కువలో తిరగొచ్చు. గ్రిప్ పదో వంతు పెరిగితే మలుపులో వేగం ఇరవయ్యో వంతే పెరుగుతుంది, ఎందుకంటే వేగం ఆ గుణకపు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. పైగా ల్యాప్‌లో సగం దూరం తిన్నని దారే. అక్కడ పని ఇంజిన్‌ది. కాబట్టి ఒకే వర్గంలోని రెండు మంచి టైర్ల మధ్య తేడా చాలాసార్లు సెకనులో కొన్ని వంతులే. అంత చిన్న తేడాను టైరు గాలిలో మూడు పీఎస్‌ఐ (పీడనపు కొలమానం) పొరపాటు ఇట్టే మింగేస్తుంది.

ట్రాక్ మీద వాడే టైర్లు స్థూలంగా మూడు వర్గాలు. రోడ్డు కోసమే పుట్టి, ట్రాక్‌ను కొంతసేపు ఓర్చుకునేవి మొదటివి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ ఇందులోది, దాని ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 300. రోడ్డు మీద నడిపేందుకు అనుమతి ఉన్నా మనసంతా ట్రాక్ మీదే ఉన్న 200 వర్గం రెండోది: యోకోహామా అడ్వాన్ ఏ052, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, హాంకుక్ వెంటస్ ఆర్‌ఎస్4, ఫాల్కెన్ అజెనిస్ ఆర్‌టీ660 లాంటివి. ఆపైన సెమీ స్లిక్‌లు, అంటే గాళ్లు బాగా తక్కువగా ఉండి పోటీ టైర్లకు దగ్గరగా ఉండేవి: టోయో ప్రాక్సెస్ ఆర్888ఆర్ (100), నాన్‌కాంగ్ ఏఆర్-1 (80), హూసియర్ ఆర్7 (40). మీ పట్టికలో ఈ మూడు వర్గాలూ ఒకే వరుసలో కూర్చున్నాయి. 300 టైరు ఆరో స్థానంలో నిలిచిందని రాయడం, గుర్రంతో పరుగు పెట్టి ఎద్దు ఓడిందని రాసినట్టే ఉంది.

ఇంకో సంగతి. ట్రెడ్‌వేర్ అంకె తగ్గేకొద్దీ గ్రిప్ పెరుగుతుందన్నట్టు వ్యాసం రాసింది. స్థూలంగా నిజమే కానీ దాన్ని కొలబద్దగా వాడకూడదు. ఆ అంకె అమెరికా రవాణా శాఖ నిబంధన కింద పుట్టింది. టెక్సస్‌లో 400 మైళ్ల దారి మీద పరీక్ష కార్లు మొత్తం 7,200 మైళ్లు, అంటే దాదాపు 11,600 కిలోమీటర్లు తిరుగుతాయి. ఒక ప్రామాణిక టైరు పక్కన ఇది ఎంత అరిగిందో చూసి అంకె లెక్కగడతారు. వేసుకునేది తయారీదారే. పరీక్షలో వచ్చినదాని కన్నా తక్కువ వేసుకున్నా అభ్యంతరం లేదు. అమెరికా స్పోర్ట్స్ కార్ల క్లబ్ ఎస్‌సీసీఏ నడిపే ఆటోక్రాస్ స్ట్రీట్ విభాగం లాంటి పోటీల్లో కనీసం 200 ఉండాలన్న నియమం ఉంది కాబట్టి కంపెనీలు సరిగ్గా 200 అంకె పడే టైర్లను ఆ గీత మీదే నిలబెట్టి తయారుచేస్తున్నాయి. అందుకే 200 వర్గంలో ఒక టైరు సెమీ స్లిక్‌తో భుజాలు కలిపితే, ఇంకోటి 300 టైరుకు పక్కింటి చుట్టంలా ఉంటుంది. ఆ అంకె పక్కనే ఉండే ట్రాక్షన్ అక్షరం (ఏఏ, ఏ, బీ, సీ) ఇంకా తక్కువ చెబుతుంది. తడి తారు మీద, తడి కాంక్రీటు మీద, చక్రం బిగుసుకుపోయి తిన్నగా జారేటప్పుడు ఎంత పట్టు ఉందన్నదే దాని లెక్క. పొడి మలుపు గురించి అందులో ఒక్క ముక్క లేదు.

పేరు ఒకటైనంత మాత్రాన టైరు ఒకటే అనుకోవడానికీ లేదు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద పోర్షా కోసమైతే ఎన్0, ఎన్1 అని, బీఎండబ్ల్యూకైతే నక్షత్రం గుర్తు, మెర్సిడెస్‌కైతే ఎంఓ అని ముద్ర ఉంటుంది. ఆ కారు కోసం రబ్బరు మిశ్రమాన్నో లోపలి నిర్మాణాన్నో మార్చారని దానర్థం. పైలట్ స్పోర్ట్ కప్ 2 అని రాసి ఊరుకుంటే ఏ కప్ 2 అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పట్టికలో పేరుతో పాటు సైజు, ఆ ముద్ర, తయారీ తేదీ కూడా వేయాలి. తేదీ సైడ్‌వాల్ మీదే ఉంటుంది: డీఓటీ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు 2324 అయితే 2024లో 23వ వారం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక్క ల్యాప్ ఎందుకు చాలదో లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఉదాహరణకు అనుకోండి. మొదటి టైరు వేడెక్కాక 1:52.0 ఇచ్చింది, ఆపైన ల్యాప్‌కు 0.3 సెకను చొప్పున నెమ్మదించింది. రెండోది 1:53.0తో మొదలై ల్యాప్‌కు 0.05 మాత్రమే పోగొట్టుకుంది. మీ పట్టికలో మొదటి టైరు పూర్తి సెకను ముందుంటుంది. అయిదో ల్యాప్‌కు రెండూ 1:53.2 దగ్గర కలుస్తాయి. పది ల్యాప్‌లు కూడితే రెండోదే 1.25 సెకన్ల ముందు. ఒకే ఒక్క ల్యాప్ టైము కోసం పోటీపడేవాడికి మొదటి టైరు కావాలి. ఇరవై నిమిషాల సెషన్లు నాలుగైదు చేసేవాడికి రెండోది కావాలి. ఇద్దరికీ ఒకే ర్యాంకు ఎలా పనికొస్తుంది?

ఇది ఊహాలోకపు లెక్క కాదు, ఈ రెండు స్వభావాలూ బజారులో ఉన్నవే. ఏ052 తొందరగా వేడెక్కి మొదటి రెండు ల్యాప్‌ల్లో అబ్బో అనిపిస్తుంది. బరువైన కారు కింద, వేడి ట్రాక్ మీద అదే పనిగా తోలితే మెత్తబడి జారడం మొదలెడుతుంది, అరుగుదల కూడా ఎక్కువ. ఆర్‌ఎస్4 దానికి పూర్తిగా తిరగేసిన రకం. ఒక్క ల్యాప్‌లో వెనకబడుతుంది, కానీ గంటల తరబడి అదే టైము ఇస్తూ పోతుంది. ఎండ్యూరెన్స్ పోటీల వాళ్లు దాన్ని వదలకపోవడానికి కారణం అదే. ఆర్888ఆర్‌కు చలి పనికిరాదు, ముందు వేడి పుట్టాలి, రోడ్డు మీద దాని రొద భరించాలి. పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద కొత్తగా ట్రాక్‌కు వచ్చేవాడు మొదటి ఏడాది నేర్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. అది పట్టు వదిలే ముందు కూతపెట్టి చెబుతుంది, మెల్లగా వదులుతుంది. సెమీ స్లిక్ చివరిదాకా మౌనంగా ఉండి హఠాత్తుగా వదిలేస్తుంది. నేర్చుకునేవాడి పొరపాట్లను ఆ అదనపు గ్రిప్ కప్పిపుచ్చుతుంది కూడా.

గాలి సంగతి. పోలికలు ఎక్కువగా చెడేది ఇక్కడే. అన్ని టైర్లలోనూ చల్లగా ఉన్నప్పుడు ఒకే గాలి పెట్టి 'సమానంగా పరీక్షించాం' అంటారు. అది సమానం కాదు. మనకు కావాల్సింది టైరు వేడెక్కాక ఉండే గాలి. 25 డిగ్రీల దగ్గర 28 పీఎస్‌ఐ పెట్టిన టైరులో లోపలి గాలి 75 డిగ్రీలకు చేరితే మీటరు 35 చూపిస్తుంది. ఆ పీడనం దగ్గర పది డిగ్రీలకు దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుందన్నమాట. ఒక టైరు సైడ్‌వాల్ గట్టిది, తక్కువ వంగుతుంది, లోపలి గాలి తక్కువ వేడెక్కుతుంది. ఇంకోటి ఎక్కువ వేడెక్కుతుంది. రెండింటికీ 28తో మొదలుపెడితే అయిదో ల్యాప్‌కు ఒకటి 33లో, ఒకటి 36లో ఉంటాయి. 36లో ఉన్నది ఓడిపోయిందంటే తప్పు గాలి కొట్టినవాడిది. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిలో తేమ ఉంటే పీడనం ఇంకా ఎక్కువ, ఇంకా అడ్డదిడ్డంగా పెరుగుతుంది. నైట్రోజన్ వల్ల ఉపయోగం అది పొడిగా ఉండటమే. మామూలు గాలిలోనూ 78 శాతం నైట్రోజనే ఉంది.

చేయాల్సిన పద్ధతి ఇది. చల్లగా 27 లేదా 28తో బయల్దేరాలి. నాలుగైదు ల్యాప్‌లు గట్టిగా తోలి, చల్లార్చే ల్యాప్ వేయకుండా నేరుగా పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) రావాలి. ఒకే మీటరుతో నాలుగు చక్రాలూ చూసి, అనుకున్న వేడి గాలికి దించాలి. తయారీదారు ట్రాక్ కోసం అంకె చెప్పి ఉంటే అదే మొదలు. చెప్పకపోతే 1,300-1,500 కిలోల కారుకు 200 వర్గం టైర్లలో 32 నుంచి 34 మధ్య ఎక్కడో మొదలుపెట్టి ఒక్కో పీఎస్‌ఐ అటూ ఇటూ చూసుకోవాలి. గడియారపు ముల్లు తిరిగే దిశలో నడిచే ట్రాక్‌లో ఎక్కువ మలుపులు కుడివైపు కాబట్టి ఎడమ టైర్లు, అందులోనూ ముందు ఎడమది, ఎక్కువ వేడెక్కుతుంది. దాన్నుంచి ఎక్కువ గాలి తీయాల్సి వస్తుంది. మర్నాడు పొద్దున చల్లటి టైర్లలో ఎంత ఉందో చూసి రాసుకుంటే, ఆ ట్రాక్‌కు, ఆ వాతావరణానికి, ఆ టైరుకు మొదలు పెట్టాల్సిన నాలుగు అంకెలూ దొరికినట్టే. గాలి ఎక్కువైతే టైరు నడుమ ఉబ్బి, కారు నేల మీద కాకుండా గోళీల మీద నడిచినట్టుంటుంది. తక్కువైతే స్టీరింగ్ తిప్పాక కారు ఆలోచించుకుని తిరుగుతుంది, టైరు పక్కకు దొర్లి షోల్డర్, అంటే టైరు అంచు, అరుగుతుంది, సైడ్‌వాల్ వేడెక్కి లోపల దెబ్బతింటుంది. ఎంతవరకు దొర్లుతోందో తెలుసుకోవాలంటే ట్రెడ్ (నేలను తాకే భాగం) అంచు నుంచి సైడ్‌వాల్ మీదికి సుద్దముక్కతో మూడు చోట్ల గీతలు గీసి ఒక సెషన్ తోలితే చాలు. సుద్ద ఎక్కడి దాకా చెరిగిందో అక్కడి దాకా నేలను తాకింది. ట్రెడ్ అంచు దాటి బాగా కిందికి చెరిగిందంటే గాలి చాలలేదు, లేదా క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) చాలలేదు.

ఆ రెండింట్లో ఏదో తేల్చేది ప్రోబ్ పైరోమీటర్ అనే వేడి కొలిచే పరికరం. సూదిని రబ్బరులోకి రెండు మూడు మిల్లీమీటర్లు గుచ్చి, లోపలి అంచుకు అంగుళం ఇవతల, నడుమ, బయటి అంచుకు అంగుళం ఇవతల, ఈ మూడు చోట్లా చూడాలి. ఎక్కువ భారం మోసిన చక్రంతో మొదలుపెట్టి ప్రతిసారీ అదే వరుసలో వెళ్లాలి, నిమిషంలో ముగించాలి. దూరం నుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొర వేడినే చెబుతుంది. పిట్ దారిలో వచ్చే ఆ కాసేపట్లోనే పైపొర చల్లారిపోతుంది కాబట్టి దాని అంకెను నమ్మి సెటప్ మార్చకూడదు. (ఈ హడావుడిలో హ్యాండ్‌బ్రేక్ వేయకండి. కాలిపోతున్న డిస్క్‌ను ప్యాడ్ ఒకే చోట పట్టుకుని ఉంటే అక్కడ మచ్చ పడి తర్వాత బ్రేక్ అదురుతుంది. చక్రానికి చెక్క అడ్డం పెట్టాలి.) లోపల 92, నడుమ 88, బయట 84 వస్తే ఆ చక్రం బాగా పనిచేస్తున్నట్టే. లోపల 80, నడుమ 87, బయట 98 వస్తే నెగటివ్ క్యాంబర్ చాలలేదు. రెండు అంచులూ 86, నడుమ 97 అయితే గాలి ఎక్కువ. నడుమ మిగతా రెండింటికన్నా బాగా తక్కువైతే గాలి తక్కువ. చాలా సెమీ స్లిక్‌లకు 80 నుంచి 100 డిగ్రీల మధ్య బాగుంటుంది. రోడ్డు టైర్లు అంతకంటే చల్లగా ఉన్నప్పుడే ఊపిరి పీల్చుకుంటాయి.

క్యాంబర్ గురించి వ్యాసంలో ఒక్క మాట లేదు. మెక్‌ఫెర్సన్ స్ట్రట్ రకం సస్పెన్షన్ ఉన్న మామూలు స్పోర్ట్స్ కారుకు షోరూం అలైన్‌మెంట్‌లో ముందు క్యాంబర్ ఒక డిగ్రీ దరిదాపుల్లో ఉంటుంది. ట్రాక్‌కు రెండున్నర, మూడు డిగ్రీల నెగటివ్ దాకా పోతారు. గ్రిప్ పెరిగేకొద్దీ కారు మలుపులో ఎక్కువ ఒరుగుతుంది, ఒరిగేకొద్దీ బయటి షోల్డర్ మీద భారం పెరుగుతుంది. కాబట్టి 300 టైరుకు సరిపోయిన అలైన్‌మెంట్‌తోనే సెమీ స్లిక్‌ను పరీక్షిస్తే అది తన సత్తా చూపించకుండానే బయటి అంచు పోగొట్టుకుంటుంది. మీ వ్యాసంలోని ఫొటో ఒకటి ఆ కథే చెబుతోంది: ట్రెడ్ నడుమ కొత్తదానిలా ఉంది, బయటి రెండు అంగుళాలు గుండు. కింద మాత్రం 'త్వరగా అరిగిపోయే టైరు' అని రాశారు.

టైరు మొహం చదవడం కూడా కొంచెం నేర్చుకోవాలి. పెన్సిల్ గీతను రబ్బరుతో చెరిపినప్పుడు రాలే పొట్టులాగా ట్రెడ్ మీద సన్నటి ముడతలు లేస్తే అది గ్రెయినింగ్. లోపల ఇంకా చల్లగా ఉండగానే పైపొరను జారించి చింపుతున్నారని అర్థం. రెండు ల్యాప్‌లు నెమ్మదిగా వేడెక్కించి ఉంటే వచ్చేది కాదు. బొబ్బలు లేచి, పగిలి గుంటలు పడితే అది దానికి పూర్తిగా వ్యతిరేకం: రబ్బరు లోపల్నుంచి మరిగిపోయింది. ట్రెడ్ ముక్కలు ముక్కలుగా ఊడితే ఆ టైరు ఆ బరువుకు, ఆ వేగానికి తగినది కాదు, లేదా ట్రెడ్ మరీ లోతుగా ఉండగా తోలారు. కొత్త రోడ్డు టైరులో ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తున్న దిమ్మలు ప్రతి మలుపులోనూ అటూ ఇటూ వంగుతాయి. ఆ వంగుడే వేడి. అందుకే కొందరు కొత్త టైరును యంత్రం మీద చెక్కించి అయిదు మిల్లీమీటర్లకు దించాక ట్రాక్ ఎక్కిస్తారు. ఇక్కడే పోలికకు ఇంకో చిక్కు: సగం అరిగిన రోడ్డు టైరు పొడి ట్రాక్ మీద కొత్తదానికంటే వేగంగా ఉండొచ్చు. ప్రతి టైరు ట్రెడ్ లోతు పరీక్షకు ముందూ తర్వాతా, నడుమ ఒక్కచోటే కాకుండా మూడు గాళ్లలోనూ కొలిచి వేయాలి.

సైజు సంగతి కూడా చూడాలి. 245/40 ఆర్18 అని రాసి ఉన్న రెండు టైర్లు నేల మీద ఒకే వెడల్పు తాకవు. ఏ052 లాంటివి తమ అంకెకు మించి వెడల్పుగా ఉంటాయని వాడేవాళ్లందరికీ తెలుసు. రిమ్ వెడల్పు అర అంగుళం మారితే టైరు వెడల్పు సుమారు అయిదు మిల్లీమీటర్లు మారుతుంది. అందుకని అన్నింటినీ ఒకే వెడల్పు రిమ్‌కు ఎక్కించాలి. సైజు దొరకలేదని ఒక టైరును 255/35 ఆర్18లో పరీక్షించినట్టు మీ పట్టికలో చిన్న అక్షరాల్లో ఉంది. మొదటిదాని వ్యాసం 653 మిల్లీమీటర్లు, దీనిది 636. అంటే గేర్లన్నీ 2.7 శాతం పొట్టివి అయిపోయాయి. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు కారు చురుగ్గా లాగుతుంది, తిన్నని దారి చివర గేరు ముందే మార్చాల్సి వస్తుంది. ఆ టైరుకు వచ్చిన టైములో గేర్ల వాటా ఎంతో ఎలా విడదీస్తారు?

పరీక్ష వరుస ఎలా ఉండాలో చెబుతాను, ఖర్చు పెద్దగా పెరగదు. ఒక టైరును కొలబద్దగా పెట్టుకోవాలి. స్థిరంగా ఉండేది, ఆర్‌ఎస్4 లాంటిది మేలు. పొద్దున అదే ముందు, రెండు పరీక్ష టైర్ల తర్వాత మళ్లీ అది, ఇంకో రెండింటి తర్వాత మళ్లీ అది. పొద్దున 1:53.0 ఇచ్చిన కొలబద్ద టైరు మధ్యాహ్నం 1:53.8 ఇస్తే, ట్రాకూ ఎండా ఇంజినూ కలిసి 0.8 సెకను తిన్నాయని తెలుస్తుంది. సరిగ్గా మధ్యలో నడిచిన టైరు టైములోంచి 0.4 తీసేయొచ్చు. ఒకే డ్రైవరు, ప్రతిసారీ ఒకే మట్టానికి ఇంధనం, ఒకే రకం బ్రేక్ ప్యాడ్లు. ఒక్కో టైరు మీద కనీసం పది ల్యాప్‌లు వరుసగా తోలాలి. ట్రాఫిక్ తగిలిన ల్యాప్‌ను పక్కన పెట్టి మిగతావన్నీ అచ్చు వేయాలి. డ్రైవరుకు ఏ టైరు వేశారో చెప్పకపోతే ఇంకా మంచిది, కానీ ట్రెడ్ చూస్తే తెలిసిపోతుంది కాబట్టి అది కుదిరే పని కాదు. కారు వేగాన్ని చోటు చోటుకూ నమోదు చేసే జీపీఎస్ లాగర్ ఉంటే ల్యాప్ మొత్తం కాకుండా ఒకే బ్రేకింగ్ చోటు, ఒకే పొడవాటి మలుపు తీసుకుని అక్కడి కనీస వేగాలు పోల్చడం నాకు ఎక్కువ నచ్చుతుంది. ల్యాప్ టైములో డ్రైవరు ధైర్యం కలిసిపోతుంది. పొడవాటి మలుపు నడుమ కనీస వేగంలో దాని వాటా తక్కువ.

ఇతర ట్రాక్‌ల రికార్డులను తెచ్చి టైర్ల గొప్ప చెప్పడమూ వ్యాసంలో ఉంది. జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ్ ట్రాక్ విషయంలో జాగ్రత్త: 2019 నుంచి అధికారికంగా మొత్తం 20.832 కిలోమీటర్ల చుట్టును కొలుస్తున్నారు. అంతకుముందు చాలా కంపెనీలు 20.6 కిలోమీటర్లకే టైము చెప్పేవి. ఆ తేడా కొన్ని సెకన్లది. రెండింటినీ పక్కపక్కన పెట్టి టైరు మెరుగైందని రాయకూడదు.

కొత్త టైరును మొదటి రోజే చంపకూడదన్నది ఇంకో సంగతి. సెమీ స్లిక్‌లకు మొదటి వేడి మెల్లగా ఎక్కించి, బాగా వేడెక్కాక దించి, ఒక రోజు కదపకుండా ఉంచితే రబ్బరు కుదురుకుని ఎక్కువ కాలం వస్తుంది. పెట్టెలోంచి తీసి నేరుగా పది ల్యాప్‌లు ఉతికితే అది తొందరగా గట్టిపడుతుంది. ప్రతి వేడెక్కడం, చల్లారడం కొంత మెత్తదనాన్ని తీసుకుపోతాయి. ట్రెడ్ ఇంకా మిగిలి ఉండగానే గ్రిప్ పోయిందని చాలామంది ఫిర్యాదు చేయడానికి కారణం అదే. రబ్బరు గట్టిదనాన్ని కొలిచే షోర్-ఏ డ్యూరోమీటర్‌తో కొత్తప్పుడు ఎంత గట్టిగా ఉందో రాసుకుని, అదే వేడి దగ్గర నెల నెలా చూస్తే ఎప్పుడు మార్చాలో కంటికి కనిపిస్తుంది. గడ్డకట్టే చలిలో సెమీ స్లిక్‌లను ఎక్కించి కారు కదపడం మాత్రం వద్దు, ట్రెడ్ పగుళ్లు ఇస్తుంది. ట్రెడ్‌కు తిరిగే దిశ బాణం ఉన్న రకమైతే, బయటి అంచు అరిగాక టైరును రిమ్ మీద తిప్పి ఎక్కించి ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేసుకోవచ్చు. దిశ మారదు, అరిగిన అంచు లోపలికి పోతుంది. 'బయటి వైపు' అని ముద్ర ఉన్న రకాలకు ఈ ఉపాయం పనికిరాదు.

మంచి టైరు వేసుకున్నవాళ్లకు మీ వ్యాసం చెప్పాల్సిన హెచ్చరిక ఒకటి మిగిలిపోయింది. గ్రిప్ పెరిగితే ఆ భారమంతా కారు మీదే పడుతుంది. బ్రేకులు ఎక్కువ వేడెక్కుతాయి. డాట్ 4 రకం బ్రేక్ ద్రవం కొత్తప్పుడు 230 డిగ్రీల దగ్గర, తేమ తాగాక 155 దగ్గర మరిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. రెండేళ్ల పాత ద్రవంతో సెమీ స్లిక్‌లు వేసుకుని వెళితే పెడల్ నేలకు తగలడం ఖాయం. పొడవాటి మలుపులో ఇంజిన్ ఆయిల్ సంపులో ఒక పక్కకు చేరి పంపుకు అందకపోవచ్చు, బేరింగులు అరుస్తాయి. వీల్ స్టడ్‌లు, హబ్ బేరింగులు మామూలుకన్నా ముందే అలసిపోతాయి. మొదటి సెషన్ తర్వాత నట్లు చల్లారాక టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడటం తప్పనిసరి.

వాన పడితే లెక్కలన్నీ మారతాయి. నాలుగు గాళ్లు మాత్రమే ఉన్న సెమీ స్లిక్ నిలిచిన నీళ్ల మీద పడవైపోతుంది. ఇక్కడ 4ఎస్ లాంటి రోడ్డు టైరు సెమీ స్లిక్‌లను సెకనులో వంతుల తేడాతో కాదు, సెకన్ల తేడాతో ఓడించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. తడిలో టైరు అంతగా వేడెక్కదు కాబట్టి గాలి పెరుగుదలా తక్కువే. అందుకని చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువతో మొదలుపెట్టాలి. సెషన్ అయ్యాక ఇంటిదారి పట్టేవాళ్లు చేసే పెద్ద తప్పు ఇంకోటి ఉంది: వేడి మీద 33కు దించిన టైరు రాత్రికి చల్లారి 26కు వస్తుంది, అదే గాలితో హైవే ఎక్కుతారు. డోర్ ఫ్రేమ్ మీద రాసి ఉన్న అంకెకు మళ్లీ కొట్టుకున్నాకే కదలాలి.

వచ్చేసారి పట్టిక వేసేటప్పుడు ఈ గడులు పెట్టమని కోరుతున్నాను: టైరు పేరు, సైజు, సైడ్‌వాల్ ముద్ర, తయారీ వారం, చల్లటి గాలి, వేడి గాలి, రెండో ల్యాప్ టైము, పదో ల్యాప్ టైము, పది ల్యాప్‌ల సగటు, ముందు ఎడమ టైరు మూడు చోట్ల వేడి, పరీక్షకు ముందూ తర్వాతా బయటి గాడి లోతు, ఆ గంటకు కొలబద్ద టైరు ఇచ్చిన టైము, ట్రాక్ ఉష్ణోగ్రత. పేజీలో స్థలం చాలకపోతే ర్యాంకు గడి తీసేయండి.

ఇట్లు,
ట్రాక్ టైర్లతో పనిచేసే ఒక పాఠకుడు